మేడలు, ఇళ్ల గోడలు కడిగే పనికి బండి కట్టిస్తున్నా: ట్యాంకు ఎంత, మెషీన్ ఏది?

బెజవాడ_శీను
మాది విజయవాడ. పెయింటింగ్ పనులు చేయిస్తుంటాను. ఈమధ్య రంగులకన్నా కడుగుడు పనికే ఎక్కువమంది అడుగుతున్నారు. మేడ మీద పాకుడు, పిట్టగోడల మీద నల్లచారలు, ముందు గోడ మీద దుమ్ము. సంక్రాంతి ముందయితే ఫోన్ ఆగదు. అందుకే దీన్ని విడిగా పెట్టుకుందామని సెకండ్ హ్యాండ్ టాటా ఏస్ ఒకటి బేరమాడాను. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. తొట్టిలో 1,000 లీటర్ల నల్ల ట్యాంకు, 200 బార్ (నీటి ఒత్తిడి కొలత) ప్రెషర్ వాషర్, పైపు చుట్టే రీలు, నిచ్చెన, పాకుడు వదిలించే మందు క్యాన్లు పెట్టాలని ఉంది. కరెంటు మెషీనా, పెట్రోలు ఇంజనా అన్నది తేలడం లేదు. వెల్డింగ్ షాపతను "యాంగులర్లు కొట్టి ఛాసిస్‌కే అతికించేద్దాం, ఇంక కదలదు" అంటున్నాడు. అప్పు తెచ్చి పెడుతున్న డబ్బు. రెండోసారి మార్చుకునే స్తోమత లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ట్రాలీ_బాబాయ్
1,000 లీటర్లంటే టన్ను నీళ్లు తమ్ముడూ. ఏస్ మోసేదే ముప్పావు టన్ను. అడ్వాన్స్ ఇవ్వకపోవడం మంచిదైంది.

బెజవాడ_శీను
ఊళ్లో ఇసుక, ఇటుక అంతకన్నా ఎక్కువే వేసుకుని తిరుగుతున్నాయిగా బాబాయ్?

ట్రాలీ_బాబాయ్
తిరుగుతున్నాయి, కాదనను. కానీ ఇసుక వేసినచోటే ఉంటుంది, నీళ్లు ఉండవు. ట్యాంకు సగం ఖాళీగా ఉన్నప్పుడు బ్రేకు కొట్టావంటే నీళ్లన్నీ ఒక్కసారిగా ముందుకొస్తాయి, మలుపు తిప్పితే పక్కకెళ్తాయి. ఏస్ చిన్న చక్రాల బండి. దాని మీద నిలువు ట్యాంకు పెడితే బరువంతా పైకెక్కి కూర్చుంటుంది. దుర్గగుడి ఫ్లైఓవర్ వంపులో ఆ బండి నడిపేవాడి పక్కన నేనైతే కూర్చోను.

లెక్క వేద్దాం పట్టు. 500 లీటర్లే అనుకో: నీళ్లు 500 కిలోలు, ఖాళీ ట్యాంకు 20, ఇంజనూ పంపూ దాని ఫ్రేమూ 80, పైపులూ రీలూ 40, నిచ్చెన 25, రెండు మందు క్యాన్లు 100. మొత్తం 765. ఇందులో నీ పక్క సీట్లో కూర్చునే కుర్రాడి బరువు కలపలేదు. అంటే 500 పెట్టినా దాటిపోయావు. ఆర్సీలో మొత్తం బరువు, ఖాళీ బండి బరువు రెండూ రాసి ఉంటాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్, అదే నీ హద్దు. దాటి పట్టుబడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద 20,000 జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2,000. పట్టుబడకపోయినా కమాన్ కట్టలు (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) ఊరుకోవు, యాక్సిడెంటయితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందడిగేది అదే.

ఎల్బీనగర్_లక్ష్మి
బాబాయ్ గారి లెక్కకి నాదో మాట. అసలు ట్యాంకు అంత ఎందుకు? మావారూ నేనూ హైదరాబాద్‌లో ఇదే పని చేస్తాం. నిమిషానికి 15 లీటర్లు తాగే మెషీన్‌కి 500 లీటర్లు అరగంట దాటగానే అయిపోతాయి. మేడ, నాలుగు గోడలు కడగాలంటే 1,000 కూడా చాలవు. అంటే ఎంత పెద్ద ట్యాంకు మోసుకెళ్లినా ఆ ఇంటి నీళ్లు కలపక తప్పదు. అలాంటప్పుడు ట్యాంకు నీళ్లు మోయడానికి కాదు, మెషీన్‌కి ధార తెగకుండా చూడ్డానికి. మాది 300 లీటర్లది, పొట్టిగా వెడల్పుగా ఉంటుంది, క్యాబిన్ వెనక గోడకి ఆనించి పెట్టాం. రోడ్డు మీద ఖాళీగా వెళ్తుంది, ఇంటికెళ్లాక వాళ్ల కుళాయి నుంచి పైపు వేసి నింపుకుంటాం.

పని ఒప్పుకునే ముందు ఓ 20 లీటర్ల బకెట్ కుళాయి కింద పెట్టి ఎంతసేపట్లో నిండిందో చూస్తాను. నిమిషంలో నిండితే దిగులు లేదు. రెండు నిమిషాలు పడితే మధ్యలో ఆగి నింపుకోవాలి, ఆ టైమ్ కూడా రేటులో వేసుకోవాలి. అసలు నీళ్లే లేని ఇల్లయితే ట్యాంకర్ వాళ్లే తెప్పించుకోవాలని ముందే చెప్తాను.

పైపుల_మేస్త్రి
లక్ష్మిగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. ఆ చిన్న ట్యాంకులో ఫ్లోట్ వాల్వ్ పెట్టించు శీనూ. నిండగానే అదే ఆగుతుంది, మనిషిని కాపలా పెట్టక్కర్లేదు. పంపు ట్యాంకు అడుగుకన్నా కిందే ఉండాలి, నీళ్లు వాటంతటవే దిగాలి. ప్రెషర్ పంపు నీళ్లు తోస్తుంది గానీ పైకి లాగడం దానికి చేతకాదు. లాగించావంటే గాలి పట్టి లోపల సీళ్లు, వాల్వులు తినేస్తుంది. ట్యాంకు నుంచి పంపుకి అంగుళం పైపు, మధ్యలో జాలీ ఫిల్టర్. అర అంగుళం గార్డెన్ పైపు తగిలించి "మెషీన్ కొట్టుకుంటోంది" అని వచ్చేవాళ్లు నెలకొకరు ఉంటారు నా దగ్గరికి.

వరంగల్_వాసు
అన్నా, ఫ్లోట్ వాల్వ్ మంచిగనే ఉంటది గని బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువుంటే అది పట్టేస్తది. మా దగ్గర గట్లనే అయితది. ఎప్పటికప్పుడు తీసి కడుగుకోవాలె.

కరెంటు_కాశీ
కరెంటా పెట్రోలా అన్నది లెక్కతో తేలిపోతుంది. బార్‌ని నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 600తో భాగించండి, కిలోవాట్లు వస్తాయి. 200 బార్, 15 లీటర్లు: 3,000ని 600తో భాగిస్తే 5 కిలోవాట్లు. పంపులో, మోటారులో పోయేది కలిపితే 6 దాకా కావాలి. అది త్రీ ఫేజ్ మోటారు. మామూలు ఇంట్లో ఎక్కడ తగిలిస్తారు? ఇంటి 16 ఆంప్స్ సాకెట్ మీద నడిచేది 130 బార్, 6-7 లీటర్ల మెషీన్. అది కారు కడగడానికి, చిన్న వసారాకి సరిపోతుంది. మేడంతా దాంతో కడగాలంటే సాయంత్రమైపోతుంది.

కాబట్టి మీరనుకున్న సైజుకి 13 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజనే దిక్కు. శబ్దం ఎక్కువ, అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే నడపనివ్వరు. కరెంటు మెషీన్ ఒకటి చిన్నది ఉంచుకున్నా తప్పులేదు, కానీ కనెక్షన్ వాళ్ల సాకెట్ నుంచి నేరుగా తీసుకోవద్దు. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) ఉన్న బోర్డు సొంతంగా ఒకటి తయారుచేసుకోండి, బండిలో ఉండాలి. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల త్రీ కోర్. తడి నేల మీద, తడి చేతులతో చేసే పని ఇది. చాలా పాత ఇళ్లలో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది.

డాలస్_గుంటూరోడు
మా బావమరిది ఇక్కడ టెక్సస్‌లో ఇదే వ్యాపారం చేస్తాడు. బండి కట్టినప్పుడు నేనూ పక్కనే ఉన్నా. ఇక్కడ పైకప్పు అంటే ఎక్కువగా తారు షింగిల్స్ (తారు పూసిన పలకలు). వాటి మీద ప్రెషర్ వాషర్ పెట్టనే పెట్టరు, పైనున్న రాతి రవ్వ రాలిపోతుంది. నల్లచారలు గ్లియోకాప్సా మాగ్మా అనే సూక్ష్మజీవివి, అది దుమ్ము కాదు. దాన్ని కొట్టి వదిలించడం కాదు, చంపి వదిలించాలి. షింగిల్ తయారీదార్ల సంఘం చెప్పే పద్ధతి బట్టల బ్లీచు, నీళ్లు సగం సగం కలిపి చల్లి, 15 నుంచి 20 నిమిషాలు ఉంచి, తక్కువ ధారతో కడగమని. అందుకే అతని బండి మీద ముఖ్యమైనది 12 వోల్టుల చిన్న డయాఫ్రం పంపు. బ్యాటరీ మీద నడుస్తుంది. ప్రెషర్ మెషీన్ డ్రైవ్‌వేకి, కాంక్రీటుకి మాత్రమే.

శీనుగారూ, మీ పిట్టగోడల నల్లచారలు కూడా ఆ జాతివే అయ్యుంటాయి. 200 బార్ వెంటపడకండి. మందు పంపు ఒకటి పెట్టుకోండి.

గోదారి_పెంకుటిల్లు
డాలస్ గారి మాటలో సగమే ఒప్పుకుంటానండి. మందు లేకుండా పాకుడు మళ్లీ వస్తుందన్నది నిజమే. కానీ మావైపు స్లాబు మీద ఏళ్ల తరబడి పేరుకున్న పాకుడు మందంగా ఉంటుందండి, వట్టి మందు కొడితే పైపొర చచ్చి అడుగుది అలాగే ఉంటుంది. ముందు గీకాలి, తర్వాత మందు, తర్వాత ధార. కాంక్రీటు స్లాబుకి ఆ మాత్రం ధార ఏమీ కాదు. చైనా మొజాయిక్ ముక్కల మేడకీ, వాటర్‌ప్రూఫ్ పూత వేసిన మేడకీ, సున్నపు గచ్చుకీ మాత్రం ప్రెషర్ తగ్గించాల్సిందే. ముక్కల మధ్య సందు లేచిపోతే వచ్చే వానాకాలం ఆ ఇంటి సీలింగు కారుతుంది, అప్పుడు పిలిచి అడిగేది మనల్నే.

ఇక బంగాళా పెంకులయితే అసలు ఎక్కకండి. తడిసిన పెంకు మీద కాలు పడితే పెంకయినా విరుగుతుంది, మనిషయినా జారతాడు. ధార కింద నుంచి పైకి కొట్టారంటే నీళ్లు పెంకుల సందుల్లోంచి అటకమీదకి పోతాయండి. కప్పు పైకొన వైపు నుంచి కిందకే కొట్టాలి, అదీ వెడల్పు నాజిల్‌తో.

డాలస్_గుంటూరోడు
స్లాబు విషయంలో మీ అనుభవమే సరైనది, ఒప్పుకుంటున్నా. ఇక్కడ చదును కప్పుల ఇళ్లు మేం తక్కువ చూస్తాం.

బెజవాడ_శీను
మందు అంటే హైపోనే (సోడియం హైపోక్లోరైట్, బ్లీచు ద్రావణం) కదా? ఎంత కలపాలి? ఇక్కడ 12 శాతం అని క్యాన్లలో అమ్ముతున్నారు.

డాలస్_గుంటూరోడు
అదే. ఒక వంతు హైపోకి మూడు వంతుల నీళ్లు కలిపితే 3 శాతం, పాకుడు పట్టిన కప్పుకి. ఒకటికి పదకొండు కలిపితే 1 శాతం, రంగు వేసిన గోడలకి అది చాలు. అందులో కాస్త సబ్బు ద్రావణం కలిపితే గోడకి అంటిపెట్టుకుని ఉంటుంది, జారిపోదు. చల్లే ముందు మొక్కల్ని మామూలు నీళ్లతో బాగా తడపాలి, అయ్యాక మళ్లీ కడగాలి. ముందే నీళ్లు తాగిన ఆకు మందుని తక్కువ పీలుస్తుంది.

వైజాగ్_ఉప్పుగాలి
హైపో గురించి బండి వైపు నుంచి చెప్పాల్సింది చాలా ఉంది. దాని ఆవిరి చాలు ఇనుముని తినడానికి. మాకిక్కడ సముద్రపు గాలికే తుప్పు, దానికి ఇది తోడయితే తొట్టి రేకు చూస్తుండగానే చిల్లులు పడుతుంది. తొట్టి అడుగున ఫైబర్ షీటు పరిపించు. మందు క్యాన్లు ఇంజన్‌కి దూరంగా, వెనక తలుపు దగ్గర ప్లాస్టిక్ ట్రేలో పెట్టు, ఒలికినా ట్రేలోనే ఉంటుంది. ఇత్తడి నిపుల్స్, ఇత్తడి వాల్వులు మందు లైన్లో పనికిరావు, పాలీప్రొపిలీన్‌వి వాడు. సీళ్లు విటాన్ లేదా ఈపీడీఎం రబ్బరువి అని అడిగి తీసుకో. ప్రెషర్ పంపులోంచి హైపో ఎప్పుడూ పంపకు, మందుకి పంపు వేరు, పైపు వేరు. సాయంత్రం మందు లైను మంచినీళ్లతో ఆడించకుండా ఇంటికి వెళ్లొద్దు.

ఇంకోటి, హైపో ఎండలో బలం కోల్పోతుంది. బెజవాడ మే నెల ఎండలో తొట్టిలో వదిలేసిన క్యాన్‌లో 12 శాతం మిగలదు. వారానికి కావాల్సినంతే కొను. మూత గాలి వదిలేది అయ్యుండాలి, బిగుతు మూతయితే క్యాన్ ఉబ్బుతుంది.

ఎల్బీనగర్_లక్ష్మి
వీటికి తోడు మా పనివాళ్లకి మొదటిరోజే చెప్పేది: హైపోలో యాసిడ్ కలపకూడదు. మేడ మీద సిమెంటు మరకలకి యాసిడ్ కొట్టి, అదే బకెట్లో హైపో పోశారంటే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. బాత్‌రూమ్ యాసిడ్ అయినా అంతే. బండిలో యాసిడ్ క్యాన్ అసలు ఎక్కనివ్వను. యాసిడ్ పని ఉంటే ఆ రోజు వేరు.

నీళ్లు ఎటు పోతాయో కూడా చూసుకోవాలి. మా హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో మేడ మీద వాననీళ్ల పైపు ఇంకుడుగుంతకి పోతుంది, కొన్నిచోట్ల సంపులోకే. కడిగే ముందు ఆ పైపు మూసి, నీళ్లు బయటకి మళ్లించాలి. ఆ ఇంటావిడ తాగే నీళ్లలోకి మన మందు వెళ్లిందంటే ఆ వీధిలో మళ్లీ అడుగుపెట్టలేం.

వరంగల్_వాసు
అక్కా, సంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకులు గూడ గదే బండి మీద చేస్తే నడుస్తదా? మా దిక్కు గవే ఎక్కువ అడుగుతరు.

ఎల్బీనగర్_లక్ష్మి
చెయ్యొచ్చు వాసూ, కానీ పైపులు వేరుగా ఉండాలి. గోడలకి మందు కొట్టిన పైపు తాగే నీళ్ల ట్యాంకులో దింపకూడదు. మావి రంగు తేడా: నీలం పైపు ట్యాంకులకి మాత్రమే, దాని బుట్ట కూడా వేరు. పెట్రోలు ఇంజన్ సంపు మూత దగ్గరకి రాకూడదు, పొగ లోపలికి దిగుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. చాలాకాలం మూసి ఉన్న సంపయితే మూత తీసి గాలాడనివ్వాలి, బ్లోయర్ పెట్టాలి, పైన ఒక మనిషి తాడు పట్టుకునే ఉండాలి. లోపలివాడు పడిపోతే వెనకాల దూకొద్దని కూడా చెప్పాలి. ఇలాంటి చావుల్లో రెండోవాడు, మూడోవాడు అలాగే పోతున్నారు.

రిటైర్డ్_లైన్‌మేన్
అందరూ బండి గురించి చెప్పారు. నేను పైన చూడమంటాను. మన ఊళ్లలో మేడకి చేయి చాపితే అందేంత దూరంలో 11 కేవీ (11 వేల వోల్టుల) లైన్లు పోతున్న ఇళ్లు చాలా ఉన్నాయి. పొడుగు కర్రకి బ్రష్ కట్టి, తడి చేతుల్తో అల్యూమినియం పోల్ పైకెత్తితే ఇంకేం మిగలదు. తీగని తాకక్కర్లేదు, దగ్గరకి పోతే చాలు. అల్యూమినియం నిచ్చెన కూడా అంతే. ఫైబర్‌గ్లాస్ నిచ్చెన, ఫైబర్ పోల్ కొనండి, ఖరీదెక్కువైనా. అది కూడా తడిస్తే పూర్తిగా నమ్మడానికి లేదు. లైను దగ్గరగా ఉంటే సబ్‌స్టేషన్‌లో అడిగి సప్లై ఆపించాకే ఆ వైపు గోడ ముట్టుకోండి. అలా కుదరకపోతే ఆ గోడ వదిలేయండి. నా సర్వీసులో ఇలాంటి శవాల్ని దింపిన చేతులివి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

కరెంటు_కాశీ
పెద్దాయన మాటకి తిరుగులేదు. సర్వీస్ వైరు, మీటరు బోర్డు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు కూడా కప్పి కడగాలి.

పైపుల_మేస్త్రి
పిట్టగోడ దాటి వంగి పనిచేసేవాళ్లకి ఫుల్ బాడీ హార్నెస్ బండిలో ఉండాలి. ఐఎస్ 3521 (భారతీయ ప్రమాణం) గుర్తు చూసి కొనండి. నడుముకి మాత్రమే కట్టే బెల్టు వద్దు. తాడు కట్టేది స్లాబు కాలమ్‌కో, గట్టి దూలానికో. నీళ్ల ట్యాంకు పైపుకి కట్టడం చూశాను, అది మనిషిని ఆపదు. ఇంకో సంగతి, పెద్ద ప్రెషర్ గన్ ట్రిగ్గర్ నొక్కగానే వెనక్కి తోస్తుంది. నిచ్చెన మీద నిలబడి దాన్ని వాడనివ్వకు.

బెజవాడ_శీను
ఇన్ని విషయాలు నేను అనుకోలేదు. చదివాక ఇలా మార్చుకుంటున్నా: 300 లీటర్ల పొట్టి ట్యాంకు, 13 హార్స్‌పవర్ ఇంజన్ మెషీన్, మందుకి వేరే 12 వోల్టుల పంపు, ఫైబర్ నిచ్చెన, హార్నెస్ రెండు. నిచ్చెన తొట్టిలో పట్టదు, పైన ర్యాక్ కట్టించాలి. ఛాసిస్ వెల్డింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఏస్‌లోనే సరిపోతుందా, పెద్ద బండికి పోవాలా?

ట్రాలీ_బాబాయ్
ఛాసిస్ మీద వెల్డింగ్ వద్దు. వేడికి ఆ చోట ఇనుము బలం తగ్గి తర్వాత పగులిస్తుంది. పైగా కంపెనీ ఇచ్చిన రూపం మారిస్తే సెక్షన్ 52 కింద ఆర్టీవో దగ్గర చిక్కు. కింద చదునైన ఇనుప ఫ్రేమ్ ఒకటి విడిగా కట్టించు. ట్యాంకు, ఇంజను, రీలు, పంపు అన్నీ దాని మీదే బిగించు. ఆ ఫ్రేమ్‌ని తొట్టి అడుగుకి బోల్టులతో, రాచెట్ బెల్టులతో పట్టించు. బండి షెడ్డుకెళ్లిన రోజు ఫ్రేమ్ దింపి అద్దె బండి మీద పెట్టుకుని పనికి పోవచ్చు. రేపు బండి అమ్మినా సామాను నీదే.

ట్యాంకు నిండితే 300, మిగతావి 265, కుర్రాడు 65. మొత్తం 630 కిలోలు. ఏస్‌కి సరిపోతుంది, కొంచెం మిగులుతుంది కూడా. బరువు ముందు వైపు, వెనక ఇరుసుకి ఇవతలే ఉండాలి. నీ పని పెరిగి రెండు మెషీన్లు పెట్టాలంటే అప్పుడు టాటా ఇంట్రా వీ30 చూడు, అది 1,300 కిలోలు మోస్తుంది. బొలెరో పికప్ కూడా మంచిదే, కానీ కొన్ని మోడళ్ల మొత్తం బరువు 3,000 కిలోలు దాటుతుంది, దాటితే గూడ్స్ పర్మిట్ కావాలి. లోపుంటే అక్కర్లేదు. లైసెన్స్ గురించి దిగులొద్దు, ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్‌తో 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది.

వైజాగ్_ఉప్పుగాలి
బాబాయ్ చెప్పిన ఫ్రేమ్‌కి ఎపాక్సీ ప్రైమర్ కొట్టించు, మామూలు రెడ్ ఆక్సైడ్ హైపో ముందు నిలవదు.

గోదారి_పెంకుటిల్లు
రీలు వెనక తలుపు వైపు తిప్పి పెట్టుకోండి శీనుగారూ. పక్కకి పెడితే ఇరుకు వీధిలో బండి గోడకి ఆనించాక పైపు లాగడానికి చోటుండదు. పైపు 50 మీటర్లయినా ఉండాలండి, మూడో అంతస్తు మేడకి మెట్ల మీదుగా పోవాలిగా.

వరంగల్_వాసు
అప్పు అన్నవ్ గద అన్నా, ముద్ర లోన్ చూసినవా? కిషోర్ కింద 50,000 నుంచి 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా ఇస్తరు. పూచీకత్తు అడగరు. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్ల ఉత్తగనే అయితది, అది చేసుకొని బ్యాంకుకు పో.

ఎల్బీనగర్_లక్ష్మి
జీఎస్టీ కూడా అడుగుతారు అపార్ట్‌మెంట్ అసోసియేషన్లవాళ్లు. సేవల వ్యాపారం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. దాటితే ఈ పనికి 18 శాతం. రేటు ఒప్పుకునేటప్పుడు మేడ వేరు, గోడలు వేరు రాసివ్వండి. మొదలుపెట్టే ముందు పెచ్చులూడిన చోట్లు, పగుళ్లు, తడి మచ్చలు ఫోటోలు తీసి ఇంటివాళ్ల వాట్సాప్‌కి పంపండి. కడిగాక "ఇది మీ వల్లే" అన్నమాట రాదు.

ఇంకో పని కూడా ఉంది శీనుగారూ. ఎండాకాలం ముందు మేడకి తెల్లటి కూల్ పెయింట్ వేయించేవాళ్లు పెరిగారు. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చారు. ఆ తెలుపు మీద దుమ్ము పడితే ఎండని వెనక్కి కొట్టే గుణం తగ్గుతుంది. ఏటా ఫిబ్రవరిలో తక్కువ ధారతో, మందు లేకుండా కడిగితే చాలు. సంక్రాంతి రద్దీ అయ్యాక ఖాళీగా ఉండే రోజులకి అది సరిపోతుంది.

బెజవాడ_శీను
పెయింట్ వేసేది కూడా నేనే కాబట్టి ఆ పని నాకు బాగా కుదురుతుంది లక్ష్మిగారూ. సోలార్ ప్యానెళ్లు కూడా ఇదే మెషీన్‌తో కడగొచ్చా?

కరెంటు_కాశీ
ప్రెషర్ గన్ వద్దు, అంచుల సీలు లేస్తుంది, అద్దం కింద సన్నపగుళ్లు వస్తాయి. మెత్తటి బ్రష్, మామూలు కుళాయి ధార. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే, కాలిన అద్దం మీద చల్లనీళ్లు పడితే పగలొచ్చు. బోరు నీళ్లు ఆరాక తెల్లమచ్చలు మిగులుతాయి, ఆర్వో నీళ్లు 50 లీటర్లు వేరే క్యాన్‌లో పెట్టుకెళ్లి చివర్లో వాటితో కడగండి.

ట్రాలీ_బాబాయ్
ఆ 50 కిలోలు కూడా లెక్కలో రాసుకో. ఆదివారం ఆ ఏస్ చూడ్డానికి నేనూ వస్తా, ఆటోనగర్‌లోనే ఉంటాను. ముందు కమాన్ కట్టలు, ఛాసిస్ అడ్డపట్టీల దగ్గర పగుళ్లు, తొట్టి కింద తుప్పు చూద్దాం. ఫ్రేమ్ ఎక్కించాక ట్యాంకు నింపి, మీ కుర్రాణ్ణి కూడా కూర్చోబెట్టి లారీ కాటా మీదకి తీసుకెళ్దాం. ఆ చీటీ మీద ఉన్న బరువే అసలు బరువు, మనం ఇక్కడ వేసిందంతా అంచనా.

బెజవాడ_శీను
పదింటికి వస్తా బాబాయ్. ఆర్సీ జిరాక్స్ కూడా తెమ్మని అమ్మేవాడికి చెప్పాను.